మూడో లైనుకు రెండు జవాబులు

నా సర్వీసు మొత్తంలో నా పని తప్పని నేనే లేచి నలుగురిలో చెప్పిన సందర్భం ఒక్కటే. తప్పు ఒక్కటే చేశానని కాదు. మిగతావాటిని ఎవరో ఒకరు నాకంటే ముందే కనిపెట్టి చెప్పేశారు. ఆ ఒక్కదాని గురించి, ఇప్పుడు కంప్యూటర్ ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అందులో మీకు పనికొచ్చేది ఎంత ఉందో తెలియదు. నేను మాత్రం ఆ తర్వాత చేసిన ఉద్యోగమంతా ఆ కొద్దిరోజుల చలవే అనుకుంటాను.

మేం బిలాస్‌పూర్ రైల్వే కాలనీ వాళ్ళం. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పట్టాలు సరిచేసే గ్యాంగులో చేరాడు. నాన్న పాయింట్స్‌మన్, అంటే పట్టాలు కలిసేచోట బండి ఏ దారిన పోవాలో ఆ దారికి పట్టా మార్చే మనిషి. నేను లెక్కలు చదివి, పైన కంప్యూటర్ డిప్లొమా చేసి, ఒక ఆఫీసు కంప్యూటర్ సెక్షన్లో ఉద్యోగం తెచ్చుకున్నాను. ఏ ఆఫీసో, ఏ యార్డో చెప్పను. అక్కడ పనిచేసినవాళ్ళు చదివితే ఎలాగూ పోల్చుకుంటారు, మిగతావాళ్ళకు ఆ పేర్లతో పనిలేదు.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయింది. మా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తది. కంప్యూటర్లు మా సెక్షన్‌కు అప్పటికే పాతవి, మిగతా ఆఫీసుకు ఇంకా వింతే. ఒకరోజు మా సార్ మా ఇద్దరినీ పిలిచారు. ఆయనది కరీంనగర్ వైపు. నేను ఎప్పుడైనా నోరుజారి మా ఇంటి మాటలో "ఏటి సార్" అంటే కడుపునిండా నవ్వేవారు. నేనూ ఆయన మాటకు నవ్వుకునేదాన్ని, కాకపోతే బయటికి వచ్చాక.

"గూడ్స్ యార్డుల పది లైన్లున్నయి. బొగ్గు బండ్లు ఏటేటా పొడుగైతున్నయి, లైన్లు సరిపోతలేవు. ఒక లైను తీసేస్తే ఆ జాగల పక్క లైన్లను పొడుగు చేయొచ్చు అంటున్నరు. ఏది తీయాలె? తీసినంక యార్డు నడుస్తదా? పట్టా పీకక ముందే అది కంప్యూటర్‌ల నడిపి చూపియ్యాలె మనం" అన్నారు.

మా ఇద్దరిలో రెండోవాడు ఊరి చివర మంగ్లా నుంచి స్కూటర్ మీద వచ్చే ఛత్తీస్‌గఢీ ప్రోగ్రామర్. నాకంటే ఆరేళ్ళు చిన్న. నన్ను దీదీ అనేవాడు. యార్డు మోడల్ అతను రాయాలి. అందులో ఒక గడియారం నడుస్తుంది, బండ్లు వస్తూ ఉంటాయి, వచ్చిన ప్రతి బండీ "నేను ఏ లైను మీదికి వెళ్ళాలి" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబులు తయారుచేసి పెట్టడం నా పని.

అతను మొదట ఆ జవాబులన్నీ ప్రోగ్రాం లోపలే రాయబోయాడు. సార్ ఒప్పుకోలేదు. "నీ ప్రోగ్రాం యార్డు మాస్టర్ చదువుతడా? చదవలేని దాన్ని తప్పో ఒప్పో ఎట్ల చెప్తడు?" అన్నారు. అందుకని యార్డు మనుషుల తెలివి ప్రోగ్రాంలో కాకుండా డేటాబేస్‌లో ఉండాలని నిర్ణయించాం. రిలేషనల్ డేటాబేస్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు, గళ్ళు గీసిన పట్టికలు. లైన్లకో పట్టిక, బండి రకాలకో పట్టిక, ఏ లైను మీద ఏ బండి పెట్టవచ్చో చెప్పే రూల్స్‌కో పట్టిక. నెంబర్లతో ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. మోడల్‌కు సందేహం వస్తే పట్టికను అడుగుతుంది, పట్టిక చెబుతుంది. ఇప్పుడు మీకిది చప్పగా ఉండవచ్చు. అప్పుడు మాకు ఒళ్ళు పులకరించినంత పనయింది.

రూల్స్ ఎవరు చెప్పాలి? రూల్ పుస్తకం ఉంది గాని, పుస్తకం ప్రకారం ఒక్క రోజు కూడా ఏ యార్డూ నడవదు. అందుకని రిటైర్మెంట్‌కు రెండు నెలలున్న ఒక షంటింగ్ జమాదార్‌ను మా దగ్గరికి పంపించారు. చేతిజెండాతో ఇంజన్‌కు సైగలు చేస్తూ, వ్యాగన్లు విడదీయించి, కలిపించి, ఒక లైను మీంచి ఇంకో లైను మీదికి మార్పించే ముఠాకు ఆయన పెద్ద. మా నాన్నతో కలిసి పనిచేసినవాడే. చిన్నప్పటి నుంచి నాకు బాబాయ్.

మొదటి రోజు కుర్చీ అంచున కూర్చుని కంప్యూటర్ వైపు ఎగాదిగా చూశాడు.

"ఏటమ్మా, నాను సెప్తే ఆ పెట్టి నేర్సుకుంటాదేటి?"

"నేర్చుకోదు బాబాయ్. రాసిపెట్టుకుంటుంది."

"అచ్ఛా! రాసుకోడానికైతే కాయితం సాలదా?"

టీ తెప్పించాను.

ఆయన చెప్పే పద్ధతికి నేను అలవాటు పడలేకపోయాను. ఒక లైను గురించి అడిగితే ఆ లైను మీద పాతికేళ్ళ కింద పడిపోయిన వ్యాగన్ దగ్గర మొదలుపెట్టేవాడు. నాలుగో లైను కథ మధ్యలో ఎనిమిదో లైనుకు వెళ్ళి, తిరిగి వచ్చేసరికి భోజనాల వేళయ్యేది. చెప్పిందే మళ్ళీ చెప్పేవాడు, ఒక్కోసారి మూడోసారీ చెప్పేవాడు. నేను ఒక నోటుపుస్తకంలో అంతా రాసుకునేదాన్ని. సాయంత్రం ఒక్కో వాక్యాన్నీ రూల్‌గా మార్చి, ఫైల్లోకి టైపుచేసి, పుస్తకంలో దాని పక్కన టిక్కు పెట్టేదాన్ని. టిక్కు పడితే ఇక ఆ మాటతో నాకు పనిలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన ఇలా అన్నాడు. నా పుస్తకంలో మాటకు మాట ఉంది: "మూడో లైను మంచి లైనే. ఏ బండినైనా ఎట్టు. వానొచ్చిందంటే మాత్రం దానికాసి సూడకు. తొమ్మిదికి ఎట్టు."

నేను దాన్ని రెండు రూల్స్ చేశాను. మూడో లైను, లోడు బండి, పెట్టవచ్చు. మూడో లైను, లోడు బండి, పెట్టకూడదు. వాన అనే మాటకు నా పట్టికలో గడి లేదు. తర్వాత చూద్దాంలే అనుకుని టిక్కు పెట్టేశాను.

ఇక్కడ కాస్త సాంకేతికం చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. పట్టికలో ఒకే వరుస రెండుసార్లు పడకుండా ఒక కాపలా పెడతాం, దాన్నే ప్రైమరీ కీ అంటాం. నేను పెట్టిన కాపలా లైను నెంబరూ బండి రకమూ కలిపి. అంటే ఒక లైనుకూ ఒక రకం బండికీ కలిపి ఒకే జవాబు ఉండాలి. రెండోది వస్తే డేటాబేస్ లోపలికి రానివ్వదు, పక్కన వేరే ఫైల్లో పడేస్తుంది. మొత్తం రూల్స్ ఎక్కించిన రోజున అలా పదకొండు పక్కన పడ్డాయి. తెరమీద ఆ అంకె చూశాను. బాబాయ్ చెప్పిందే చెబుతాడు కదా, ఆ చెప్పిందే చెప్పినవి ఇవే అయివుంటాయి అనుకున్నాను. ఆ ఫైలు తెరవడానికి అర నిమిషం పట్టేది. తెరవలేదు.

బాబాయ్ రిటైరై నది అవతల సర్కండాలో కట్టుకున్న ఇంటికి వెళ్ళిపోయాడు. మా ప్రోగ్రామర్ మోడల్ పూర్తిచేశాడు. నిజం యార్డుతో పోల్చి చూడటానికి డిసెంబరు నుంచి మార్చి దాకా యార్డు రిజిస్టర్లు టైపు చేయించాం. ఏడాది మొత్తానివి చేయిస్తే బాగుండునని సార్ ఒకసారి అన్నారు, టైము లేదని మేం అన్నాం, ఆయన సరే అన్నారు. మోడల్ ఆ నాలుగు నెలల యార్డును అచ్చుగుద్దినట్టు నడిపింది. చూసినవాళ్ళు వెన్ను తట్టారు. అన్నిటికంటే తక్కువ వాడకంలో ఉన్నది తొమ్మిదో లైను అని తేలింది. దాన్ని తీసేసి చూశాం. యార్డు ఏమాత్రం తడబడలేదు.

తొమ్మిదో లైను అనవసరం అని రిపోర్టు రాసి పంపాం. సంతకానికి జులైలో మీటింగు పెట్టారు.

మీటింగుకు ముందు రెండు రోజులు వాన వదలకుండా కురిసింది. మా ప్రోగ్రామర్‌కు ఒక సరదా పుట్టింది. పాత రిజిస్టర్లు కాకుండా నిన్నటి యార్డునే మోడల్‌లో నడిపి చూపిస్తే పెద్దవాళ్ళు ముచ్చటపడతారని, మీటింగు ముందురోజు పొద్దున్నే యార్డుకు వెళ్ళి రిజిస్టరు కాపీ తెచ్చుకున్నాడు. పది గంటలకు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"దీదీ, నిన్న మూడో లైను మీద ఒక్క బండీ లేదు. మన మోడల్ ఎనిమిది బండ్లు పెట్టింది."

"రిజిస్టర్ రాసేవాడు మర్చిపోయి ఉంటాడు" అన్నాను.

"ఎనిమిది సార్లా?"

అతను మామూలుగానే అడిగాడు. "ఆ ఎనిమిదీ ఎక్కడికి వెళ్ళాయి?" అన్నాను. "ఏడు తొమ్మిదో లైనుకు, ఒకటి పదికి" అన్నాడు.

నోటుపుస్తకం తీశాను. వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. నా దస్తూరీలో, నా టిక్కుతో, ఆ మాట ఉంది. ఆ తర్వాత పక్కన పడేసిన ఫైలు తెరిచాను. మొదటి వరుసే మూడో లైను, లోడు బండి, పెట్టకూడదు.

ఇద్దరం గొడుగులు పట్టుకుని యార్డుకు వెళ్ళాం. పదేళ్ళుగా యార్డు గురించిన అంకెలు టైపు చేస్తున్నాను గాని, వానలో యార్డు చూసింది అదే మొదటిసారి. మూడో లైను ఒక చివర పల్లం. పక్క కాలువ పొంగి పట్టాల కింది స్లీపర్ల మీదికి నీళ్ళు వచ్చాయి. అక్కడి పాయింట్స్‌మన్‌ను ఇదేమిటని అడిగితే మమ్మల్ని వింతగా చూశాడు. పట్టాల్లో చిన్న కరెంటు పారుతూ ఉంటుందనీ, లైను మీద బండి ఉందో లేదో సిగ్నల్‌కు చెప్పేది అదేననీ, నీళ్ళు నిలిస్తే బండి లేకపోయినా ఉన్నట్టే చూపిస్తుందనీ, ఇక సిగ్నల్ ఎర్రగానే ఉండిపోతుందనీ చెప్పాడు. "ప్రతి ఏడూ ఇంతే కదా మేడమ్" అన్నాడు. యార్డులో అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టే ఎక్కడా రాసిలేదు.

అక్కడి నుంచే ఆటో ఎక్కి సర్కండా వెళ్ళాను. అర్పా నది ఎర్రటి నీళ్ళతో వంతెన కింద నిండుగా పోతోంది. బాబాయ్ వసారాలో కూర్చుని పాత గొడుగుకు కుట్టు వేసుకుంటున్నాడు. నన్ను చూడగానే లోపలికి కేకవేసి టీ పెట్టమన్నాడు.

"బాబాయ్, మూడో లైనులో నీళ్ళు నిలుస్తాయి."

"నిలుస్తాయి. సెప్పినాను గదా."

"చెప్పావు. రాసుకున్నాను కూడా. పెట్టెలో పెట్టలేదు."

సూది ఆపాడు. "ఏటి, ఎందుకని?"

అబద్ధం చెప్పాలనిపించింది. కంప్యూటర్ తీసుకోలేదని చెబితే ఆయన నమ్మేవాడు, అందులో సగం నిజం కూడా. "నువ్వు చెప్పిందే మళ్ళీ చెబుతున్నావనుకున్నాను" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "నాను ఒకే మాట రొండుమాట్లు సెప్పినానంటే, ఆ రొండిటి నడుమ ఏటో ఉంటాది పాపా. అడగాల" అన్నాడు.

తొమ్మిదో లైను తీసేయబోతున్నారని చెప్పాను. అప్పుడు మాత్రం లేచి నిలబడ్డాడు. ఒక ఏడాది వానల్లో ఆ లైను రిపేరుకని మూసేశారట. మూడోది మునిగింది, తొమ్మిదోది లేదు. బొగ్గు బండ్లు ఒకదాని వెనకొకటి మెయిన్ లైను మీద ఆగిపోయాయి. వాటి వెనక ఒక పాసింజరు బండి స్టేషన్‌కు దూరంగా పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా నిలిచిపోయింది. "సంటిపిల్లలు ఏడుస్తన్నారని కబురొస్తే, నానూ మీ నాన్నా ఇంకో నలుగురం బకెట్లట్టుకుని పట్టాలమ్మట నీళ్ళు మోసినాం. మీ నాన్న సెప్పలేదేటి?"

నాన్న చెప్పే ఉంటాడు. ఆయన మాటలూ అలాగే విని ఉంటాను.

మర్నాడు మీటింగు పదకొండుకు. పదింటికే సార్ గది బయట నిలబడ్డాను. ఆయన వరండాలోకి వస్తూ నా మొహం చూసి ఆగారు.

"సార్, రిపోర్టులో తప్పుంది."

"ఏ పేజీల?"

"పేజీలో కాదు సార్. మొత్తమే తప్పు."

నిలబెట్టి అంతా విన్నారు. తిడతారని ఎదురుచూశాను. తిడితే ఏడ్చి తేలికపడవచ్చని లోపల ఎక్కడో ఆశ కూడా ఉంది. ఆయన ఒకటే అడిగారు. "గిట్ల ఇంకెన్ని పడిపోయినయి?"

"మొత్తం పదకొండు సార్. నిన్న సాయంత్రానికి నాలుగు చూశాను. నాలుగూ నిజమైన రూల్సే. మిగతా ఏడింటి సంగతి ఇంకా తెలియదు."

"మంచిగైంది, తెలియదన్నవు" అన్నారు. నాకు అర్థం కాలేదు. "లోపలికి పోయి ఇదే చెప్పు. నేను చెప్తె సాకు అనుకుంటరు. చేసినదానివి నువ్వు చెప్తె పని అనుకుంటరు."

గదిలో ఎనిమిదిమంది ఉన్నారు. పెద్దాఫీసరు ముందు మా రిపోర్టు, దాని మీద మూత తీసిన కలం. మా ప్రోగ్రామర్ తెరను సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. నేను లేచి, హిందీలో, తొమ్మిదో లైను గురించి మేం రాసింది తప్పని చెప్పాను. ఎందుకు తప్పో చెప్పాను. జమాదార్ చెప్పాడని, నేను రాసుకున్నానని, నా పట్టికలో దానికి చోటు లేదని, పక్కన పడితే తెరిచి చూడలేదని వరసగా చెప్పాను.

పెద్దాఫీసరు కలం మూత పెట్టారు. "ఆరు నెలలు తీసుకున్నారు. ఆరు నెలల తర్వాత యార్డులో వాన పడుతుందని కనిపెట్టారా?" అన్నారు.

ఎవరో నవ్వారు. సార్ నవ్వలేదు. "ఆ పట్టిక నమూనా కాయితం మీద సంతకం నాది సార్. చలికాలం రిజిస్టర్లు చాలన్నదీ నేనే. అడగాల్సినవి నన్ను అడగండి. ముందు ఒక్కటి చూడండి" అన్నారు.

ప్రోగ్రామర్ ఆ పొద్దున మూడో లైను రూలును చేత్తో దిద్ది తెచ్చాడు. తొమ్మిదో లైను తీసేసిన యార్డులో, ఒక్క వాన రోజు నడిపించాడు. మా తెరమీద బండ్లంటే రంగురంగుల గీతలే. మొదటి గంటలో మామూలుగా కదిలాయి. తర్వాత యార్డు బయట ఒక గీత ఆగింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. కొద్దిసేపట్లో తెర అంచు దాకా గీతలు నిలిచిపోయాయి. వాటి మధ్య పచ్చరంగువి పాసింజరు బండ్లు.

పెద్దాఫీసరు తెర దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు. "ఈ నీళ్ళ సంగతి చెప్పినాయన ఎక్కడున్నాడు?" అని అడిగారు.

"రిటైరయ్యారు సార్. సర్కండాలో ఉంటారు."

"పిలిపించండి. మూడు వారాలు టైమిస్తున్నాను" అని రిపోర్టును మా వైపు తోశారు.

నిజం చెప్పాలి, ఆ తర్వాత నాకు సంజాయిషీ అడుగుతూ ఒక కాయితం కూడా వచ్చింది. జవాబు రాయడానికి సార్ దగ్గర కూర్చుంటే, "జరిగింది జరిగినట్టు రాయి, పొట్టిగ రాయి" అన్నారు. ఐదు వాక్యాలు రాశాను. అది ఫైల్లో చేరి అక్కడే ఆగిపోయింది. అది ఆగిపోవడం వెనక ఆయన ఎంతమందితో మాట్లాడారో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆయన మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

మా ప్రోగ్రామర్ గురించి కూడా ఒక మాట. ఆ రోజు రిజిస్టరు మోడల్‌తో కలవలేదని అతను దాన్ని పక్కన పడేసి, కలిసే ఇంకో రోజును చూపించి ఉండవచ్చు. అలా చేసేవాళ్ళను తర్వాత చాలామందిని చూశాను. నా అదృష్టం, నా పక్కన కూర్చున్నవాడు అలాంటివాడు కాదు. వారం తర్వాత ఈ మాటే అతనితో అంటే, "అబ్బ, దీదీ, నాకు ఆ ఆలోచనే రాలేదు. వచ్చుంటే చేసేవాణ్ణేమో" అని నవ్వాడు.

మూడు వారాలు బాబాయ్ రోజూ వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, పది కొట్టకముందే గుమ్మంలో ఉండేవాడు. ఈసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. నేను పట్టికలు కూల్చి మళ్ళీ కట్టాను. రూలుకు ఒక పట్టిక, అది ఏ పరిస్థితుల్లో పనిచేస్తుందో చెప్పడానికి ఇంకో పట్టిక. ఒక రూలుకు ఎన్ని షరతులైనా ఉండవచ్చు, ఒకే లైనుకు ఎన్ని జవాబులైనా ఉండవచ్చు. వాటిలో ఏది ఎప్పుడు చెల్లుతుందో మోడల్ చూసుకుంటుంది. రెండు జవాబులు ఒకే సమయంలో చెల్లి ఒకదాన్నొకటి కొట్టుకుంటే, పక్కన పడేయకుండా మమ్మల్ని అడుగుతుంది. ఇంకో నాలుగు గడులు కూడా పెట్టాను. ఎవరు చెప్పారు, ఎందుకు, ఎప్పటినుంచి, ఎప్పటివరకు.

పక్కన పడిన పదకొండింటిలో రెండే నిజంగా చెప్పిందే చెప్పినవి. తొమ్మిది కొత్తవి. తొమ్మిదో లైను అలాగే ఉంచి, రెండో లైనును వేరే పక్కకు పొడిగించవచ్చని చివరికి మోడల్ తేల్చింది. అలాగే చేశారు. ఈసారి వానాకాలం రిజిస్టర్లు కూడా టైపు చేయించాం, దానికి ఎవరూ టైము లేదనలేదు.

ఆ మూడు వారాల్లో ఒక్కో రూలుకూ ఎందుకు అని అడుగుతూ వచ్చాను. మొదట్లో బాబాయ్‌కి విసుగనిపించింది. "ఎందుకేటమ్మా, అంతే" అనేవాడు. పోనుపోను ఆయనే ముందుగా కారణం చెప్పి, తర్వాత రూలు చెప్పడం మొదలుపెట్టాడు. చివరి రోజుల్లో ఆరో లైను దగ్గరికి వచ్చాం. ఆరో లైను మీద వ్యాగన్లను ఇంజన్‌తో వెనక నుంచి నెట్టకూడదు, ముందునుంచి లాగాలి. దానివల్ల ఇంజన్ అవతలి చివరికి చుట్టు తిరిగి రావాలి, అరగంట దండగ. యార్డులో అందరూ అలాగే చేస్తున్నారు.

"ఎందుకు బాబాయ్?"

టీ గ్లాసు చేతిలో అటూ ఇటూ తిప్పాడు. నేను పాత అలవాటుగా తర్వాతి రూలుకు వెళ్ళబోయి ఆగాను. కూర్చున్నాను.

చాలాసేపటికి చెప్పాడు. ఆయన కొత్తగా జమాదార్ అయిన రోజులు. ఆరో లైనుకు అప్పట్లో ఒక వంపు ఉండేది. నెట్టేటప్పుడు వంపు అవతల ఉన్న మనిషి సైగ డ్రైవర్‌కు కనిపించేది కాదు. ఆయన ముఠాలో, ఊరి నుంచి ఆయనే తీసుకొచ్చి పనిలో పెట్టించిన తమ్ముడి వరసైన వాడు వ్యాగన్ల మధ్య కొక్కెం తగిలిస్తున్నాడు. బాబాయ్ ఆపమని జెండా ఊపాడు. డ్రైవర్‌కు కనిపించలేదు.

"ఆ మర్నాటి నుంచి ఆరు మీద నెట్టనివ్వనేదు నాను. నా తరవాత ఒచ్చినోళ్ళూ నెట్టనేదు. ఎందుకో ఆళ్ళకి తెల్దు" అన్నాడు. టీ గ్లాసు కిందపెట్టి, "ఇప్పుడా వంపు నేదమ్మా. లైను తిన్నగా ఏసేసి శానా ఏళ్ళయినాది. అవుపడతాది ఇప్పుడు. ఆ రూలుతో పన్నేదు. కొట్టీ" అన్నాడు.

ముప్పై ఏళ్ళు ఆయన ఒక్కడే మోసిన కారణం అది. రూలు కొట్టేయడమంటే ఒక కమాండు, ఒక నొక్కుడు. నేను కొట్టలేదు. ఎప్పటివరకు అనే గడిలో, వంపు తీసేసిన ఏడాది వేశాను. ఇక మోడల్ ఆ రూలును లెక్కలోకి తీసుకోదు, కానీ వరుస మాత్రం ఉంటుంది. ఎందుకు అనే గడిలో ఆయన చెప్పింది చెప్పినట్టు, ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటనే రాశాను.

"సదువు" అన్నాడు.

చదివాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తెరవైపు చూస్తూ విన్నాడు. ఆ అక్షరాలు ఆయనకు చదవడం రాదు.

"ఆడి పేరు కూడా ఉందేటి అందల?"

"ఉంది బాబాయ్."

"ఎక్కడ?"

వేలు పెట్టి చూపించాను. ఆయన ముందుకు వంగి, నా వేలు ఉన్నచోట తన వేలు ఆనించి, కొంచెంసేపు అలాగే ఉంచాడు.

"అయితే ఉండనీ" అన్నాడు.